ఏడు కిలోల తోట

కాకుటూరు దశరథయ్యను నేను క్షమించను. నా నిమ్మతోటను మడిచి వీపుసంచిలో పెట్టుకోమన్నది వాడే. ఆ సంచి ఇప్పుడు నా ఒళ్లో ఉంది. ఊదితే ఎగిరిపోయేలా ఉంది.

వాడి తోటా నా తోటా పక్కపక్కనే. మధ్యలో ఉన్నది తూర్పు గట్టు. ఐదో తరగతిలో ఇద్దరం ఒకే రోజు బడి మానేశాం. వాడు లెక్కలు రాక మానేశాడు, నేను వాడు మానేశాడని మానేశాను. అక్కడి నుంచే నా నష్టం మొదలు.

ఒకరోజు వాడు ఫోను పట్టుకుని గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మస్తానయ్య కూడా ఉన్నాడు. మస్తానయ్య గ్యాస్ పొయ్యిలు బాగుచేస్తాడు. వాడికి జానెడు నేల లేదు. అందుకే ఎవరి గట్టు మీదైనా హాయిగా కూర్చోగలడు.

"ముగ్గురు మనుషులు, మూడు సంచులు, పది దినాలు," అంటాడు దశరథయ్య. "బస్సులెక్కతా దిగతా పోతే మూడు దేశాలు చూసి రావచ్చు. టికెట్టు చవకే. కొంప ముంచేది లాడ్జీలురా రాయుడూ."

"అయితే పడుకునేది యాడ?"

"మన చోటు మనమే మోసుకుపోవాల. తెల్లోళ్లు గుడారాలు మొయ్యడంలా? నువ్వు తోట మొయ్యి."

"నీ తోట మొయ్యరాదా?"

"నాది ఎకరా ముప్పై. ఇమానంలో ఏడు కిలోలు దాటనియ్యరు. నీది ఎనభై మూడు సెంట్లే, సరిగ్గా సరిపోద్ది. అయినా ఈ ఏడు వానల్లేవు గదా, బరువు గూడా తగ్గుంటది."

ఆ మాటలో నాకు తప్పేమీ దొరకదు. నాకు నలభై తొమ్మిదేళ్లు. నేను చూసింది ఒకే సముద్రం, మైపాడు దగ్గర. అది కూడా ఇటువైపు నుంచే. చచ్చేలోగా అటువైపు నుంచి ఒకసారి చూడాలని ఉంది.

తోట మడవడం చీర మడవడం లాంటిదే, ఒక్కరి వల్ల కాదు. నా భార్య వెంగమ్మ పడమటి కొసలు రెండూ పట్టుకుంటుంది. నేను తూర్పు కొసలు పట్టుకుంటాను. దగ్గరికి నడిచి కొసలు కలుపుతాం, వెనక్కి నడిచి లాగుతాం, మళ్లీ కలుపుతాం. చెట్లు ముళ్లను లోపలికి తిప్పుకుని సాలు వెంట సాలు పడుకుంటాయి. మొత్తం ఎనిమిది సాళ్లు, సాలుకు తొమ్మిది చెట్లు. బావి మాత్రం మడతకు రాదు. దాన్ని ఊడదీసి సంచి పక్కజేబులో, నీళ్లసీసా పెట్టుకునే చోట దింపుతాను.

తోట లేచిన చోట మోకాటి లోతు గుంట మిగులుతుంది. అందులో మట్టి లేదు, రంగు లేదు. వెంగమ్మ దాని అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేస్తుంది.

"బుధవారం సర్వేయరొస్తాడు," అంటుంది. "రాళ్లు పాతేది ఆ పొద్దే. ఆ పూటకి ఈడ ఏముంటే అదే రాసుకుంటాడంట. తోటుంటే తోట, గుంటుంటే గుంట."

"మంగళవారానికే వచ్చేస్తాంలే మే."

"ఇది తప్ప మనకింకేం లేదయ్యా. గట్టు కాడ దశరథన్నని నమ్మనోడివి, దేశం గాని దేశంలో ఎట్ట నమ్మతావు?"

సంచి భుజానికి తగిలించుకుంటాను. లోపల కాయలు ఒకదానికొకటి తగిలి మెల్లగా చప్పుడవుతాయి. "నువ్వొచ్చిందాకా ఈ గుంటకి కాపలా ఉంటా పో," అంటుంది వెనక నుంచి.

విమానాశ్రయంలో బల్ల వెనక ఉన్న పిల్ల సంచిని తూకం మీద పెట్టిస్తుంది. ఆరు కిలోల తొమ్మిది వందలు.

"ఇందులో ఏముంది?"

"నిమ్మతోట."

"ద్రవాలేమైనా ఉన్నాయా?"

"బావి ఉంది. ఎండిపోయింది."

"పదునైనవి?"

"పార ఉంది. అరిగిపోయింది."

"దేనితో అరిగింది?"

"తూర్పు గట్టుతో."

ఆ పిల్ల తల ఊపి సంచికి చీటీ కడుతుంది. వెనక దశరథయ్య మస్తానయ్య చెవిలో, "చెప్పలా, సరిపోద్దని," అంటున్నాడు. వాడి లెక్క సరిపోయిన రోజు నాకు అదొక్కటే గుర్తు.

మొదటి దేశంలో అందరూ మా నెల్లూరు యాసే మాట్లాడుతున్నారు. అందుకే బేరం కుదరడం లేదు. మనం మనసులో అనుకున్న రేటు మనకంటే ముందే వాళ్లకు తెలిసిపోతోంది. లాడ్జీ ఆవిడ పన్నెండు మంచాల గది చూపిస్తుంది. రాత్రిపూట రేటు ఎక్కువ కాబట్టి మేము మధ్యాహ్నం పడుకుంటాం. మంచాల మధ్యనున్న నేలకు రేటు లేదు. అక్కడ తోట పరుస్తాను.

తోట గోడల దాకా పాకుతుంది. మంచాలు చెట్ల మధ్య సర్దుకుంటాయి. మంచాల మీది రష్యావాళ్లు ఇద్దరు లేచి తడి తువ్వాళ్లు నా నిమ్మకొమ్మల మీద ఆరేసుకుని మళ్లీ పడుకుంటారు. మస్తానయ్య రెండో సాలులో వెల్లకిలా పడుకుని కాళ్లూ చేతులూ చాపుతాడు.

"మెత్తగుందబ్బా," అంటాడు. "సొంత నేల ఇట్టుంటదా?"

"నీది కాదుగదరా," అంటాడు దశరథయ్య.

"పడుకున్నోడిది పడుకున్నంత సేపు."

నేను చెప్పులు విప్పి, పార తీసి, తూర్పు గట్టు చెక్కుతాను.

ఇది మా నాయన నేర్పిన పని. తోటలోకి పోగానే ముందు చెప్పులు విప్పాలి, ఆ తర్వాత గట్టు చెక్కాలి. మనవైపు జానెడు చెక్కి, ఆ మట్టిని అవతలివైపు వెయ్యాలి. గట్టు లావు తగ్గదు, కొంచెం జరుగుతుంది, అంతే. అవతలివాడికి కంటికి కనపడదు. దశరథయ్యకు వాళ్ల నాయన కూడా ఇదే నేర్పాడు. ముప్పై ఏళ్లుగా పొద్దున నేను అటు నెడతాను, సాయంత్రం వాడు ఇటు నెడతాడు. గట్టు ఉన్న చోటే ఉంది. మేమిద్దరం దీని గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఊళ్లో దీన్నే స్నేహం అంటారు.

చెక్కిన మట్టి అవతల వేస్తున్నాను. అవతల గచ్చు నేల. లాడ్జీ ఆవిడ చీపురు తెచ్చి ఆ మట్టిని ఊడ్చి బయటికి తీసుకుపోతోంది. మర్యాదస్తురాలు, నా పని కాగానే ఊడుస్తోంది.

నిద్ర లేచి మడిచేటప్పుడు తోట ఒక సాలు తక్కువగా ఉంది.

"ఎనిమిదుండాల. ఏడున్నాయి," అంటాను.

"మడత తప్పుంటావు, మళ్లా చూడు," అంటాడు దశరథయ్య.

విప్పి చూస్తాను. ఏడే. నేను దశరథయ్య గోళ్లు చూస్తాను. మట్టి ఉంది. అయితే వాడి గోళ్లల్లో మట్టి లేని రోజు నాకు గుర్తు లేదు.

కొండల మీదుగా బస్సు. కిటికీ పక్క కూర్చున్నవాళ్లు చూసినదానికి డబ్బు కట్టాలి. కండక్టరు రెప్పలు లెక్కపెడుతున్నాడు. కొండకు ఒక రేటు, నదికి ఒక రేటు, నదిలో ఏనుగు ఉంటే ఇంకా ఎక్కువ. మేము కళ్లు గట్టిగా మూసుకుంటాం. ఆ విధంగా రెండో దేశం దాటేస్తాం. మస్తానయ్య ఒక్కడు ఒకసారి తెరిచాడు. బస్సు దిగేటప్పుడు వాడి చేతి గడియారం తీసుకున్నారు.

"ఏం చూశావురా?" అని అడుగుతాను.

"చెప్తే నువ్వూ కట్టాల," అంటాడు.

ప్రతి ఊళ్లోనూ మధ్యాహ్నం తోట పరుస్తాను, చెప్పులు విప్పుతాను, గట్టు చెక్కుతాను. ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు చీపురుతో వస్తారు. లేచేసరికి ఒక సాలు ఉండదు. ఏడు, ఆరు, ఐదు. సంచి తేలికవుతున్న కొద్దీ నా భుజం నొప్పి పెరుగుతోంది.

నాలుగో ఊళ్లో దశరథయ్య కాలిని తుండుగుడ్డతో చెట్టుకు కట్టేసి పడుకుంటాను. వాడు అడ్డు చెప్పడు.

"బిగించి కట్టు," అంటాడు. "రేపు మళ్లా నా మీద పెట్టేవు."

లేచేసరికి వాడి కాలు కట్టిన చోటే ఉంది. చెట్లు నాలుగు సాళ్లే ఉన్నాయి. తుండుగుడ్డ ముడి నేను వేసినట్టే ఉంది. వాడు ఎంత నేర్పుగా చేస్తున్నాడో అప్పుడు అర్థమవుతుంది నాకు.

మస్తానయ్య తాగే నీళ్లలో సగం చెట్ల పాదుల్లో పోస్తున్నాడు. ఎండుకొమ్మలు తుంచుతున్నాడు. రోజురోజుకూ వాడి ముఖం నిగనిగలాడుతోంది. ఏమీ లేనివాడు దేశాలు తిరిగితే ఇట్లాగే ఉంటుంది కాబోలు.

ఆ తర్వాత బస్సు మమ్మల్ని మళ్లీ మొదటి లాడ్జీ ముందే దింపుతుంది. రోడ్డు చవకగా వేశారు, అందుకే గుండ్రంగా ఉందట. లాడ్జీ వెనక చెత్తకుప్ప మీద తొమ్మిది నిమ్మచెట్లు నిలబడి ఉన్నాయి. పసుపు కాయలు కాసి ఉన్నాయి. నా చెట్లు ఊళ్లో ఎన్నడూ అట్లా కాయలేదు.

"ఇవి నావి," అంటాను.

లాడ్జీ ఆవిడ చీపురు చంకలో పెట్టుకుని నన్ను చూస్తుంది. "నువ్వే గదా అన్నా పారేసింది? నేను ఊడ్చినా, ఈడ పోసినా. నాకేమన్నా దొంగతనమా?"

మస్తానయ్య సంచి దించి కుప్ప మీద కూర్చుంటాడు. చెట్టుకు వీపు ఆనించి కళ్లు మూసుకుంటాడు.

"నేను రాను రాయుడూ. ఈమెకి పొయ్యిలు ఆరు చెడిపోయుండాయి. ఈడనే ఉంటా."

"నా చెట్ల కింద కూర్చుని చెప్తుండావా ఈ మాట?"

"ఒరే అబ్బయ్యా, కోపగించుకోబాక. ఒక మాట చెప్తా. గట్టు నువ్వే చెక్కతా ఉండావు. మట్టి అవతలికి ఎయ్యబాక. అవతల దశరథన్న తోట లేదు. అవతల దేశం."

వాడికి నేల లేదు. గట్టు గురించి వాడికేం తెలుసు? వాడు దశరథయ్య నేర్పిన మాటే చెబుతున్నాడని నాకు తెలుసు. చెట్లు మడవబోతే రావు. వేళ్లు దిగిపోయాయి. మస్తానయ్య ఒక కాయ కోసి నా చొక్కాజేబులో పెడతాడు.

అక్కడి నుంచి ఇద్దరమే. ఇంకో మూడు ఊళ్లు, ఇంకో మూడు సాళ్లు. నేను పార ముట్టకూడదని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను. చెప్పులు విప్పగానే చేతులు వాటంతటవే ముందుకొస్తాయి. చెప్పులు విప్పకుండా తోటలోకి పోదామంటే పోలేను. నాయన చూస్తాడు.

మంగళవారం మేము సముద్రం చేరతాం. అటువైపు నుంచి సముద్రం. దీనికి రేటు లేదు, ఎవరూ చూడరు కాబట్టి. నీళ్లు బాగా పలచగా ఉన్నాయి. ఆవలి ఒడ్డు తేటగా కనపడుతోంది. మైపాడులో ఇసుక మీద నేను నిలబడి ఉన్నాను, లుంగీ మోకాళ్ల పైకి కట్టుకుని, ఇటే చూస్తున్నాను. నిబ్బరంగా ఉన్నాను. నా వెనక చాలా దూరంలో ఒక తోట పచ్చగా ఉంది.

చెయ్యి ఊపుతాను. అక్కడున్న నేను చెయ్యి ఊపడు. తెలియనివాళ్లకు చెయ్యి ఊపే అలవాటు నాకు లేదు.

"రేపు బుధవారం. టికెట్టు తియ్యి," అంటాను దశరథయ్యతో.

"బుధవారానిది మన వల్ల కాదురా. మూడింతలుంది. గురువారానిది చవక."

"బుధవారం సర్వే!"

"తెలుసురా. నా ఉంగరం ఉంది, అమ్మేస్తా. రేపటి దానికే పోదాం. ముందు పడుకో, నీ కళ్లు పీక్కుపోయుండాయి."

ఆ ఒడ్డున సిమెంటు మెట్ల పైన తోట పరుస్తాను. ఒక్క సాలు. తొమ్మిది చెట్లు, పక్కన గట్టు. దుప్పటంత కూడా లేదు. చెప్పులు విప్పుతాను. చెక్కుతాను. ఇద్దరం చెట్ల కింద ఒకరి కాళ్ల దగ్గర ఒకరు తల పెట్టుకుని పడుకుంటాం. ఎండ నిటారుగా ఉంది.

చప్పుడుకు మెలకువ వస్తుంది. పార చప్పుడు. ముప్పై ఏళ్లుగా సాయంత్రాలు ఇంట్లో కూర్చుని వింటున్న చప్పుడే.

దశరథయ్య గట్టు అవతల, మెట్టు మీద నిలబడి ఉన్నాడు. పంచె ఎగ్గట్టాడు. నేను అవతల వేసిన మట్టిని పారతో ఎత్తి మళ్లీ ఇవతలికి వేస్తున్నాడు, గట్టును భుజంతో ఇటు నెడుతున్నాడు. చెమటలు కారుతున్నాయి.

"దొరికావురా!" అంటాను. "ముప్పై ఏళ్లకి దొరికావు!"

"అరవబాక. పట్టు ఆ కొస. జారతా ఉంది."

"నా గట్టు మీద నీ పారెందుకు?"

"ఎర్రోడా, ఎవురో ఒకరు ఎదురు నెట్టకపోతే ఇది నిలబడద్దా? ఊళ్లో నేను నెట్టబట్టే గదా ఇన్నేళ్లు నీ తోట నీకుండాది!"

"నువ్వు నెట్టబట్టే ఇన్నేళ్లు నాది పెరగలా!"

"నాది పెరిగిందా?" అంటాడు వాడు. "చెప్పరా, నాదేమన్నా పెరిగిందా?"

వాడి చేతిలోంచి పార లాక్కుంటాను. వాడు ఒక చెయ్యి ఇంకా గట్టుకే ఆనించి ఉంచాడు. ఆ చేతి మీద పార కామతో కొడతాను. ఒకసారి. వాడు చెయ్యి తీసి చూసుకుంటాడు. నెత్తురు లేదు, మట్టే ఉంది. పంచె దించుకుని తన సంచి తగిలించుకుంటాడు. వేలి ఉంగరం తీసి ఆఖరి చెట్టు కొమ్మకు తొడుగుతాడు.

"టికెట్టు తీసుకో," అంటాడు. "నువ్వే నెట్టుకో ఇంక."

ఒడ్డు వెంబడి నడిచి వెళ్లిపోతున్నాడు. వాడి వెనక ఇసుకలో అడుగులు పడటం లేదు. సన్నగా గట్టులాంటి గీత పడుతోంది.

ఇప్పుడు నన్ను అడ్డుకునేవాడు లేడు. నేను చెక్కుతాను, అవతల వేస్తాను. గట్టు జానెడు జరుగుతుంది. నేను ఆగుతాను. అది ఆగదు. మెట్టు దిగుతుంది, ఇంకో మెట్టు దిగుతుంది. తొమ్మిది చెట్లూ దాని వెనకే ఒక్కొక్కటిగా వేళ్లు ఎత్తిపట్టుకుని, తడవకుండా జాగ్రత్తగా మెట్లు దిగుతాయి. నీళ్లలోకి పోయి మైపాడు వైపు నడుస్తాయి. నడుము దాకా, మెడ దాకా. ఉంగరం ఉన్న కొమ్మ అన్నిటికంటే ఆఖర్న మునుగుతుంది.

ఉంగరం పోయినా, బుధవారం విమానంలో నన్ను ఎక్కించుకుంటారు. ఖాళీ సంచికి, దాన్ని మోసేవాడికి కలిపి ఒకటే బరువు పడుతుందట, అంటే ఏమీ లేదట. ఏమీ లేనిదానికి టికెట్టు అక్కర్లేదు.

మా వైపు విమానాశ్రయంలో సామాను పట్టీ తిరుగుతోంది. అందరి పెట్టెలూ వస్తున్నాయి. రబ్బరు తెరలు తొలగి, వాటి వెనక గుంట వస్తుంది. మా గుంట. వెంగమ్మ అంచు మీద, కాళ్లు లోపలికి వేలాడేసి కూర్చుని ఉంది. సర్వేయరు లోపల వంగి కొలత గొలుసు లాగుతున్నాడు.

"ఎంతసేపని చూడాల?" అంటుంది వెంగమ్మ. "అందుకే మేమే వచ్చినాం. తోటేదయ్యా?"

సంచి తలకిందులు చేసి దులుపుతాను. అరిగిన పార జారి పడుతుంది, పక్కజేబులోంచి బావి దొర్లి కిందపడుతుంది. బావి సీసామూతంతే ఉంది. చొక్కాజేబులోంచి నిమ్మకాయ తీస్తాను. వెంగమ్మ వాసన చూస్తుంది.

"మనది కాదు," అంటుంది. "మనవి ఇంత బాగా కాయవు."

"దశరథయ్య వల్లే మే."

"అన్న యాడ?"

"రాలేదు."

ఆమె నిమ్మకాయ నా చేతికిచ్చేస్తుంది. పట్టీ ఒక చుట్టు తిరిగి వస్తుంది. "మరి తూర్పుతట్టు నిలబడేదెవురు?" అంటుంది.

సర్వేయరు లేచి మోకాళ్లు దులుపుకుంటాడు. "గుంట మాత్రం నిఖార్సుగా ఉందయ్యా," అంటాడు. "నాలుగు పక్కలా అంగుళం తేడా లేదు. ఇంత తిన్నగా ఉన్న హద్దు ఈ మండలంలో నేను చూడలా. ఇద్దరు మనుషులు కావాల దీనికి." నాలుగు మూలలా ఏమీ లేని చోట నాలుగు రాళ్లు పాతుతాడు. అవి నిలబడతాయి.

"మడుద్దాం పట్టు," అంటుంది వెంగమ్మ. ఆమె పడమటి కొసలు పట్టుకుంటుంది, నేను తూర్పు కొసలు పట్టుకుంటాను. గుంట లేవదు. పక్కవాళ్లు నలుగురు వచ్చి సాయం పడతారు. అయినా లేవదు. ఏడు కిలోలు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

ఇక చేసేదేమీ లేక నేను కూడా ఎక్కి ఆమె పక్కన కూర్చుంటాను. పట్టీ మమ్మల్ని తెరల వెనక్కి తీసుకుపోయి, మళ్లీ ముందుకు తెస్తోంది. చెప్పులు విప్పుతాను. పార తీస్తాను. తూర్పువైపు గుంట అంచు జానెడు చెక్కి అవతల వేస్తాను. గుంట జానెడు పెద్దదవుతుంది. ఆగి చెవి పెట్టి వింటాను. అటువైపు నుంచి పార చప్పుడు రాదు. ఇంకో జానెడు చెక్కుతాను. పక్కనున్న పెట్టె ఒకటి అందులోకి ఒరిగి పడిపోతుంది. పడిన చప్పుడు కూడా రాదు.

సర్వేయరు కలం మూత తీసి, పుస్తకం తొడ మీద పెట్టుకున్నాడు. "పోయింది ఎంతని రాసుకోను?" అని అడుగుతాడు.

చెబుతాను. ఎనభై మూడు సెంట్లు, తూర్పు గట్టుతో సహా.